చేసి చూపిస్తానమ్మా

ప్రొద్దుటూరు అమ్మాయి మాబున్ని జమ్మలమడుగు ఆసుపత్రిలో మూడేళ్లు నర్సు శిక్షణ పొంది, 1958లో ఆఖరి పరీక్షకు హాజరైంది. ఎనిమిదో తరగతి దాకా తెలుగులోనే చదివిన పిల్ల. పని చేతికి పట్టుబడింది గానీ ఇంగ్లీషు మాత్రం నోట పలకలేదు.

కర్నూలు నుంచి వచ్చిన పరీక్షాధికారిణి, రోగి మంచం మీద ఉండగానే దుప్పటి ఎట్లా మారుస్తావో ఇంగ్లీషులో చెప్పమంది. మాబున్ని రెండు ముక్కలు చెప్పి ఆగిపోయింది. తోటి అమ్మాయిలు తలలు దించుకున్నారు.

"అమ్మా, చెప్పేదానికి తడబడతాండా గానీ చేసేదానికి బాగా వచ్చు. చేసి చూపిస్తానమ్మా," అంది మాబున్ని.

పరీక్షాధికారిణి సరేనంది. వార్డులో మాబున్ని కావాలనే ఓబులమ్మ మంచం దగ్గర ఆగింది. కాళ్లు పడిపోయి, వీపంతా పుండ్లు పడిన ముసలావిడ ఆమె. దుప్పటి మార్చినప్పుడల్లా కేకలు పెట్టేది.

"అవ్వా, నొప్పి పుడితే ఆపమను, ఆడనే ఆపేస్తా," అని చెప్పి, మాబున్ని ఆమెను మెల్లగా ఒత్తిగిలించింది. పాత దుప్పటి చుట్టుకుంటూ, దాని వెంటే ఉతికినది పరిచింది. మళ్లీ ఇటు తిప్పి పాతది లాగేసింది.

"ఇంకెప్పుడు మొదలుపెడతావు మే?" అనడిగింది ఓబులమ్మ.

"అయిపాయ గదవ్వా!"

పరీక్షాధికారిణి దుప్పటి మీద చెయ్యి ఆనించి చూసింది. ఒక్క ముడత లేదు.

"ఇంగ్లీషు కూడా నేర్చుకుంటావా?"

"నేర్చుకుంటానమ్మా. దీనికంటే అదేం కష్టం!"

ఆ ఏడాదే మాబున్ని పులివెందుల ఆసుపత్రిలో నర్సుగా చేరింది.