మణెమ్మ రుచి చూడదు

పప్పుచారు తెర్లుతోంది. మణెమ్మ గుండిగ మీదికి వంగి, ఆవిరిని గుండెల నిండా పీల్చి, కళ్లు మూసుకుని తల ఊపింది. ఉప్పు చూడడమంటే ఆమెకు అదే. శనివారం ఒక్కపొద్దు ఉండే మనిషి, ఎంగిలి పడకూడదు కనుక వాసనతో మొదలుపెట్టింది. తర్వాత తక్కిన వారాలకూ అదే అలవాటైంది. రేగొండ బడి వంటగదిలో గరిటె పట్టినప్పటి నుంచి ఒక్కనాడూ చారు నాలుక మీద వేసుకోలేదు. ఆ సంగతి అడిగినవాళ్లకూ చెప్పింది, అడగనివాళ్లకూ చెప్పింది.

సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ముంజేతుల నిండా పొయ్యి సెగ మచ్చలు. మోకాళ్లు మాత్రం మొండికేశాయి, అందుకే ఇవాళ్టి శనివారంతో పని మానేస్తోంది. సోమవారం నుంచి వంటంతా చేతికింద పనిచేసే రాజీ చూసుకుంటుంది. ఆ పిల్ల ఉల్లిగడ్డ తరిగినా మణెమ్మకు వంకరగానే కనబడుతుంది. తన ఆఖరి చారును పిల్లలు వేళ్లు నాకుతూ తినాలి, చాలా రోజులు తలుచుకోవాలి. ఆమె కోరికల్లా అదే.

కిటికీకి అవతలే తొమ్మిదో తరగతి. పొగరుబోతుల్ని ఇంగ్లీషులో ఏమంటారో వెంకట్రాం సారు చెబుతున్నాడు.

“టూ బిగ్ ఫర్ హిజ్ బూట్స్ అంటరు. మన దిక్కు ఏమంటరు?”

“కండ్లు నెత్తికెక్కినయంటరు సార్!”

“కాళ్లు భూమ్మీద ఆనుతలేవంటరు సార్!”

మణెమ్మ ఊరుకోలేకపోయింది. కిటికీలోంచి తొంగిచూసి, “కొమ్ములచ్చినయంటరు సార్!” అని అరిచింది. తరగతంతా పకపకా నవ్వింది, సారు కూడా నవ్వాడు. ఆ సంబరంలో వెనక్కి తిరిగి, ఉప్పు ఇందాకే వేసిన సంగతి మరిచి, గుప్పిళ్లతో మళ్లీ వేసింది. మరోసారి వాసన చూసుకుని తల ఊపింది కూడా.

పిల్లలకు పెట్టేముందు ఎవరో ఒక సారు తిని చూడాలని బడి నియమం. వెంకట్రాం సారు అన్నంలో చారు కలిపి ఒక ముద్ద మింగాడు. వెంటనే చెంబెడు నీళ్లు తాగాడు.

“ఎట్లున్నది సార్?”

“మంచిగనే ఉన్నదవ్వా,” అంటూ మళ్లీ చెంబు అందుకున్నాడు.

చారులో ఏదో తేడా వచ్చిందని మణెమ్మకు అర్థమైంది. నాలుక మీద వేసుకుందామంటే ఒక్కపొద్దు. బయట పళ్లేల చప్పుడు మొదలైంది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

“రాజీ, జర నువ్వు చూడు బిడ్డా.”

ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. రాజీ రుచి చూసి మొహం చిట్లించింది గానీ, “ఏం కాదు పెద్దమ్మా, నేను జేస్త,” అంది. సగం చారు మరో గుండిగలోకి వంచి, రెండింట్లోనూ మరిగిన నీళ్లు పోసింది. చింతపండు పిసికింది, ఎల్లిపాయలతో ఘాటుగా పోపు పెట్టింది. నడుమ నడుమ అరచేతిలో చుక్క వేసుకుని నాకి చూసింది. ఆ చేతుల చురుకు చూస్తుంటే మణెమ్మకు సిగ్గు వేసింది, దానికంటే ఎక్కువ సంతోషం వేసింది.

పిల్లలు మారు అడిగి మరీ వేయించుకున్నారు.

“అవ్వా, ఇయ్యాల చారు మస్తున్నది!”

“రాజక్క చేసింది. నాకైతే కొమ్ములచ్చినయి,” అంది మణెమ్మ, దాచుకోకుండా. వెంకట్రాం సారుకు పొలమారింది.

రాజీ నల్లా దగ్గర గుండిగలు తోమి వచ్చేసరికి మణెమ్మ గేటు దాటి వెళ్లిపోయింది. పొయ్యి ముందు ఆమె పీట ఉంది. ఎవరినీ కూర్చోనివ్వక, రోజూ ఇంటికి పోతూ బియ్యం సంచుల వెనక దాచిపోయే పీట. ఇవాళ కడిగి, తడి తుడిచి, పొయ్యికి ఎదురుగా వాల్చి ఉంది.