కారే పడవ

బన్సీలాల్‌పేటలో తెల్లవారితే ముందు వినిపించేది బిందెల చప్పుడే. ఆ ఏడు మాత్రం బిందెలు బావి వైపు కాకుండా వడ్రంగి జకర్యా ఇంటి వైపు నడిచేవి. అతని వాకిట్లో దుంగల మీద ఒక పాత తెరచాప పడవ ఉంది. దాని అతుకుల్లోంచి నీళ్లు కారేవి. లోపల చెయ్యి పెట్టి చూస్తే ఎండు చెక్క, బయట మాత్రం నాలుగైదు చోట్ల ధార. ఆడవాళ్లు ఎవరి ధార కింద వాళ్లు బిందె పెట్టుకుని చింతపండు దొరకడం లేదని మాట్లాడుకునేవారు. పడవన్నాక నీళ్లు లేకుండా ఎలా ఉంటుందని ఎవరూ దాని గురించి రెండో మాట అనుకోలేదు.

ఆ పడవ ఒక ఇంగ్లీషు దొరది. ఆదివారాలు హుస్సేన్ సాగర్‌లో తిప్పుకునేవాడు. సీమకు పోతూ పోతూ తన పియానోతో పాటు దాన్ని కూడా ఒక నవాబుకు అంటగట్టాడు. నవాబుకు పియానో రాదు, పడవా రాదు. అయినా తోచీ తోచనమ్మ తోడికోడలు పుట్టింటికి పోయినట్టు, రాజ్యమంతా అట్టుడికిపోతుంటే ఆయనకు కొత్త బేగంతో సాగర్‌లో షికారు చెయ్యాలని బుద్ధి పుట్టింది. పడవను బాగుచేసేవాడి కోసం వెతికితే జకర్యా తేలాడు. అతని తాత బందరులో పడవలు కట్టాడు. జకర్యా మాత్రం తలుపులు, చర్చి బల్లలు, శవపెట్టెలు చేసుకుని బతుకుతున్నవాడు. చిన్నప్పుడు తాత పక్కన కూర్చుని నార పేనిన చేతులు కదా, ఊరుకోలేక ఒప్పుకున్నాడు.

కుళ్లిన పలకలు మార్చాడు. తెరచాప కొయ్య నిలబెట్టాడు. డేరాలు కుట్టే జహంగీర్ అతని పాత నేస్తం. రజాకార్లు మెడ మీద కూర్చుని చొక్కాలు కుట్టించుకుంటున్నా, మధ్యలో తీరిక చేసుకుని పడవకు తెల్లటి తెరచాప కుట్టి తెచ్చాడు. ఇక మిగిలింది అతుకులు మూయడం. నువ్వుల నూనెలో గుగ్గిలం కాచి, నారకు పట్టించి, మొండి ఉలితో సందుల్లోకి దిగగొట్టాలి. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి జకర్యా చేతులు నెమ్మదించాయి. ఒక అతుకు మూస్తే ఒక ధార పోతుంది. బావి మెట్ల మీద రజాకార్లు తుపాకులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నారు. అటు ఆడపిల్లను పంపే తల్లి ఆ వాడలో లేదు. అందుకని ఈ పక్కొక మేకు, ఆ పక్కొక మేకు కొడుతూ కాలం గడిపాడు.

అంతలో అతని కొడుకు ప్రభుదాసును పట్టుకుపోయారు. రైల్వేలో ఫిట్టరు పని నేర్చుకుంటున్న కుర్రవాడు, స్నేహితులతో కలిసి సీతాఫల్‌మండి దగ్గర మూడు రంగుల జెండా ఎగరేశాడు. ఎక్కడ పెట్టారో ఎవరూ చెప్పలేదు. జకర్యా ఎక్కని గడప లేదు, పెట్టని దండం లేదు. పాదిరిగారు మంచి ఇంగ్లీషులో అర్జీ రాసిచ్చారు. దాన్ని అందుకున్న ఆఫీసరు చదవకుండానే దాంతో విసురుకున్నాడు. చివరికి నవాబుగారి మున్షీ ఆచూకీ తెచ్చాడు. పిల్లవాడు ఊరవతల ఏదో గోదాములో ఉన్నాడట, నవాబు ఒక్క మాట చెబితే వదిలేస్తారట.

"బేగం సాహెబా పాదాలు తడవొద్దు," అన్నాడు మున్షీ. "సుక్క కారకుంట పడవ తయారు చెయ్యి. అది సాగర్ల దిగిన దినం నీ కొడుకు ఇంటికొస్తడు."

ఆ పూటే జకర్యా గుగ్గిలం కాచాడు. పూటకో ధార తగ్గింది. మిగిలిన నీళ్లకు గుగ్గిలం వాసన పట్టుకుంది. పక్కింటి అనసూయమ్మ, తన దేవుడికి ఇక వేరే ధూపం వెయ్యక్కర్లేదని జకర్యా భార్య రోసమ్మను నవ్వించబోయింది. రోసమ్మ నవ్వలేదు. అనసూయమ్మ ఇంట్లో బాలింత కూతురుంది. నీళ్లు అందరికంటే ఆ ఇంటికే ఎక్కువ కావాలి. అయినా ఆమె గానీ, వాడలో మరెవరు గానీ ఆపమని అనలేదు. ఒక్కరైనా తిడితే బాగుండునని జకర్యా కుమిలిపోయాడు.

ఆదివారం పొద్దున, జీవితంలో మొదటిసారి చర్చి మానేసి ఉలి పట్టుకున్నాడు. చివరి ధార కింద అనసూయమ్మ బిందె ఉంది.

"అనసూయమ్మా, ఇది సుత మూస్తున్న," అన్నాడు తల వంచుకుని.

"మూయన్నా. నా బిడ్డే లోపలుంటే నేను ఆగుతనా?" అంది ఆమె. బిందె సగం కూడా నిండలేదు. చంకనెత్తుకుని వెళ్లిపోయింది.

పడవ కోసం మర్నాడు బండి వస్తుందన్నారు. మర్నాడు బండి రాలేదు, విమానాలు వచ్చాయి. యూనియన్ సైన్యం సరిహద్దు దాటిందన్నారు. జకర్యా పరుగున నవాబు దేవిడీకి వెళితే తలుపుకు తాళం వేలాడుతోంది. మున్షీ పత్తా లేడు. తిరిగి వచ్చేసరికి ఎవరూ గడప దాటొద్దని హుకుం వచ్చింది. బావి దగ్గరున్న రజాకార్లు తామే బెదిరి ఉండటంతో ఇంకా కరుకెక్కారు. తెగించి నీళ్లకు వెళ్లినవాడొకడు బిందెతో పాటు తల కూడా పగలగొట్టుకుని వచ్చాడు. ఆకాశంలో మబ్బులున్నాయి, కింద చుక్క పడలేదు.

వాకిట్లో పడవ మాత్రం నూనె రాసుకుని కొత్త పెళ్లికొడుకులా ఉంది. ఒక్క చుక్క కారడం లేదు. అంత చక్కని పని జకర్యా తన జన్మలో చెయ్యలేదు. కొడుకూ రాలేదు, వాడ నీళ్లూ పోయాయి. రెంటికీ చెడ్డ రేవడిలా దానికి వీపు తిప్పి కూర్చున్నాడు.

అనసూయమ్మ ఇంట్లో పసిపిల్ల ఏడుస్తూనే ఉంది. బాలింతకు పాలు ఇంకిపోయాయి. బుధవారానికి ఏడుపు సన్నబడింది. గురువారం మధ్యాహ్నం ఆగింది.

"పిల్ల ఏడ్పు ఆగింది," అంది రోసమ్మ.

జకర్యా లేచి ఉలి తీశాడు. తీసి అలాగే నిలబడ్డాడు.

"పడవ కారితే పోరడు రాడేమో. నాకు భయమైతుంది, రోసమ్మా."

రోసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. జకర్యా చివరగా మూసిన అతుకులోనే ఉలి పెట్టి నార లాగాడు. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత వేలెడు లావున ధార దూకింది. రోసమ్మ మొదటి చెంబు గోడ మీదుగా అందించింది. సాయంత్రానికి పసిపిల్ల మళ్లీ ఏడ్చింది. తలుపుల వెనక ఉన్న వాడంతా ఆ ఏడుపు విని ఏడ్చింది. జకర్యా మాత్రం కొడుకును చేతులారా అమ్ముకున్నానని రాత్రంతా కూర్చున్నాడు.

శనివారం సైన్యం ఊళ్లోకి వచ్చింది. జనం దండలు పట్టుకుని రోడ్ల మీదికి వెళ్లారు. ఆ సందట్లోనే ప్రభుదాసు గోడ పట్టుకుని నడుస్తూ ఇల్లు చేరాడు. పెదవులు బీటలు వారాయి. విమానాలు రాగానే కాపలావాళ్లు తాళం వేసి పారిపోయారట. లోపల తిండి లేదు, నీళ్లు లేవు. అరిచి అరిచి గొంతులు పోయాక గోడ చెమర్చిందట. రాళ్ల సందులోంచి దారమంత నీళ్లు వస్తే అందరూ వంతులేసుకుని నాలుకలు ఆనించారట. ఆ పొద్దున జనం వచ్చి తాళం తీస్తే బయటపడ్డారట. రోసమ్మ పడవ కింద గ్లాసు పట్టి తెచ్చింది. ప్రభుదాసు నోటి దాకా తీసుకుని ఆగిపోయాడు.

"గిదే వాసన," అన్నాడు. "గోడ నీళ్లు గిట్లనే ఉండె. అందరు గుగ్గిలం అన్నరు. నేను మా నాయన అన్న."

జకర్యా తల తిప్పి పడవ వైపు చూశాడు.

"మొన్న మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోయినయ్, నాయనా. ఇంకొక్క దినం తాళం తియ్యకుంటే..."

గోడ అవతల అనసూయమ్మ మనవరాలిని భుజాన వేసుకుని నిలబడి ఉంది. ఆమె కూడా విన్నది. ఒక రోజు ముందు ఉలి పడితే ఈ పిల్లవాడు లేడు. ఒక రోజు ఆలస్యమైతే ఆ పసిపిల్ల లేదు. ఇందులో తన చేతిలో ఏముందో జకర్యాకు తెలియలేదు. మోకరించాడు గానీ, దేవుడికి వందనాలు చెప్పాలో క్షమించమనాలో తోచలేదు.

ఆ రోజుల్లో తాళాలు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మారాయి గానీ, గదులు ఖాళీ కాలేదు. వారం తిరక్కుండానే జహంగీర్‌ను పట్టుకుపోయారు. రజాకార్లకు చొక్కాలు కుట్టాడన్నది నేరం. ఎక్కడ పెట్టారో అతని భార్యకు ఎవరూ చెప్పలేదు. జకర్యా మళ్లీ గడపలెక్కాడు, మళ్లీ దండాలు పెట్టాడు. ఈసారి ఆఫీసరు కొత్తవాడు. అర్జీ పాదిరిగారిదే.

ఇంటికి వచ్చి పొయ్యి మీద గుగ్గిలం పెట్టాడు. నార పేనుతూ కూర్చున్నాడు. బావి దగ్గర ఇప్పుడు తుపాకులు లేకపోయినా, అలవాటు కొద్దీ ఆడవాళ్లు ఇంకా పడవ దగ్గరికే వస్తున్నారు. ధార కింద అనసూయమ్మ బిందె ఉంది. జకర్యా ఉలి పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఆమె అతని చేతి వైపు చూసింది, జహంగీర్ కుట్టిన తెరచాప వైపు చూసింది.

"మూయన్నా," అంది. సగం బిందె చంకనెత్తుకుని బావి దారి పట్టింది.