లైన్‌మన్ విన్న అక్షరాలు

రేకుల మీద సన్నటి వాన పడుతున్నట్టు… ఆగకుండా, తెరిపి లేకుండా…

వాన లేదు. ఆమె హెడ్‌ఫోన్లలో ఉంది ఆ రొద.

రొద వెనకాల ఎక్కడో ఒక స్టేషన్ ఉంది. లైన్‌మన్‌కి వినిపిస్తోంది. ఆమెకి వినిపించడం లేదు.

ఎందుకు వినిపించడం లేదు?

ఆమె పగలు కట్టుడు పళ్ళు చేస్తుంది. సాయంత్రం రేడియో ముందు కూర్చుంటుంది. పాటలొచ్చే రేడియో కాదు — బాగా దిగువ ఫ్రీక్వెన్సీలో, టిక్కుటిక్కుమని మోర్స్ కోడ్‌లో, సరదా కొద్దీ మాట్లాడుకునే కొద్దిమంది రేడియో. వాళ్ళలో ఒకడు లైన్‌మన్. కరెంటాఫీసు ఉద్యోగం. రెండొందల కిలోమీటర్ల అవతల ఊరు. పదకొండేళ్ళుగా "అక్కా" అని పిలుస్తాడు.

ఇద్దరి రిసీవర్లూ ఒకటే. ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకే చుట్టలోంచి తీగ తీసి చేసుకున్నారు.

మరి నెల రోజులుగా అతనికి అన్నీ ఎలా వినిపిస్తున్నాయి?

ఆమె ఏరియల్‌ని డాబా చివరికి మార్చింది. దానికి విడిగా ఎర్తు పాతింది. కేబుల్ మార్చింది. రిసీవర్‌ని బ్యాటరీ మీద నడిపింది. రొద తగ్గింది… కొంచెం. కొంచెమే.

అతను రోజూ పంపే, విన్న స్టేషన్ల లిస్టు మాత్రం రోజురోజుకీ పొడుగవుతోంది.

ఎవరికేం వినిపించిందో అందరూ ఇంటర్నెట్‌లో పెడతారు. చూసి రాసుకోవడం ఎంతసేపు?

ఛ. వాడలాంటివాడు కాదు.

కాదా?

పంటి సందులో ఇరుక్కున్న పీచులా ఉంది ఆ అనుమానం. నాలుక ఊరుకోదు. అక్కడికే పోతుంది.

మంగళవారం మెసేజ్ పెట్టింది: "ఆరింటికి నా కాల్‌సైన్ పంపుతా. విను."

కాల్‌సైన్ — రేడియోలో ఆమెని గుర్తుపట్టే అక్షరాలు, అందరికీ తెలిసినవి — పంపలేదు.

పవర్ బాగా తగ్గించి, అప్పటికప్పుడు తోచిన ఐదు అక్షరాలు పంపింది. ఎక్కడా రాసుకోలేదు. ఎవరికీ చెప్పలేదు.

అరగంటకి జవాబు. నాలుగు అక్షరాలు. నాలుగూ సరిగ్గా. మూడోదాని చోట ఖాళీ.

"అది ఎక్కడో పడ్డ పిడుగు చప్పుడు మింగేసిందక్కా."

ఫోన్ చేసింది.

"ఎలా వినిపిస్తోందిరా నీకు? ఏం మార్చావు?"

"ఏం మార్చలేదక్కా. ఇంట్లో ఏదీ తిరగట్లేదు. అంతే."

"అంటే?"

"మీ మరదలు పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది. నెలైంది. ఖాళీ ఫ్రిజ్ ఎందుకని ప్లగ్గు పీకేశా. టీవీ చూసేవాళ్ళు లేరు. లైటు కూడా వేసుకోవట్లేదు. ఆ రొదంతా ఇంట్లో కరెంటు సామాన్లదే కదక్కా. అలా చీకట్లో కూర్చుంటే… అన్నీ వినిపిస్తాయి."

నెల రోజులు. రోజూ లిస్టు పంపాడు. ఈ ముక్క మాత్రం చెప్పలేదు.

ఆమె మాత్రం అడిగిందా? లిస్టు చూసింది. పళ్ళు కొరికింది.

"అక్కా, ఆ అక్షరాలు… నన్ను పరీక్షించడానికేనా?"

"ఛఛ! చెయ్యి జారింది."

"ఐదుసార్లా?"

అతను ఫోన్ పెట్టేశాడు.

బుధవారం లిస్టు రాలేదు. గురువారం రాలేదు. ఫోన్ మోగి, మోగి, ఆగిపోతోంది.

కోపమా?

లేక… ఒక్కడే ఉన్నాడు. చీకట్లో. రోజూ కరెంటు తీగలతో పని.

ఆ ఆలోచన దగ్గర ఆమె ఆగలేకపోయింది. దాటనూ లేకపోయింది.

శుక్రవారం, ఆరు కావస్తుండగా, వెళ్ళి ఇంటి మెయిన్ ఆపేసింది.

"సీరియల్ మధ్యలోనా!" అత్తగారి గొంతు.

ఫ్రిజ్ మూలిగి ఊరుకుంది. ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటిగా కనబడి, నిలిచిపోయాయి.

ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. రొద లేదు. ఎవరో దుప్పటి లాగేసినట్టు పోయింది. దాని అడుగున — నెల రోజులుగా వెతికిన స్టేషన్. సన్నగా, స్పష్టంగా, పక్కగదిలోంచి పిలుస్తున్నట్టు.

ఆమె దాన్ని వినలేదు.

బ్యాటరీ మీదున్న సెట్టు. కీ మీద వేలు. ఒక్కో అక్షరం, నెమ్మదిగా…

నిన్ను పరీక్షించాను. తప్పు నాది. ఉన్నావా?

ఆగింది.

మళ్ళీ పంపింది. ఈసారి ఒక్క మాటే. ఉన్నావా?

"అమ్మా, కరెంటు వెయ్యనా?" చీకట్లోంచి పెద్దకూతురు.

"ఒక్క నిమిషం తల్లీ…"

చెవిలో ఏదో టిక్కుమంది. ఒక్కసారే.

అక్షరమో… ఉత్త అలికిడో…

ఆమె హెడ్‌ఫోన్లని రెండు చేతులతో చెవులకి అదుముకుంది.