పోటు మాత్ర

ఇశ్రాయేలు నాపరాళ్ళ క్వారీలో మేస్త్రీ. చదివింది ఐదో తరగతి, దాని తాలూకు గర్వం మాత్రం డిగ్రీ అంత. మాచర్ల డాక్టరు వెంకట్రామయ్య గారు కాంతమ్మకు బీపీ ఉందని మాత్రలిస్తే, భార్య చేతికి పోనివ్వకుండా సీసా తనే జేబులో వేసుకున్నాడు.

"దీనికి అక్షరం ముక్క రాదండీ. నేనే ఇస్తా."

చీటీలో "రక్తపోటుకు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అన్నం తిన్నాక" అని ఉంది. ఇశ్రాయేలు చూపు పోటు దగ్గరే ఆగింది. తలపోటు, పంటిపోటు, పక్కలో పోటు, అన్నీ అద్దె కట్టకుండా ఆ ఇంట్లో కాపురముంటున్నవే. రెండు పూటలా ఇస్తే సరి, మధ్యలో పోటొస్తే ఇంకోటి. ఈ మాత్రం తెలియడానికి డాక్టరు చదువెందుకు అనుకున్నాడు.

మాత్ర వేసుకున్న గంటకల్లా కాంతమ్మ మొహం జేవురించేది, గుండె దడదడలాడేది.

"ఏమయ్యా, తలంతా పోటే."

"పోటుకే గదే మాత్ర. ఇంకోటి వేసుకో."

వేసుకునేది. ముప్పై ఏళ్ళుగా ఆమెకు "ఇంకా లెగవలేదా?" అన్న కేకతోనే తెల్లవారేది, గిన్నెలు బోర్లించాకే పొద్దుగూకేది. అంత అలిసిన మనిషికి వాదించే ఓపికెక్కడిది? ఇచ్చింది మింగేది.

నాలుగో రోజు మధ్యాహ్నానికే మూడు మాత్రలు పడ్డాయి. కాంతమ్మ మంచం మీద కాస్త వాలింది.

"ఏమే, లెగు! మంచినీళ్ళియ్యి," వాకిట్లోంచి కేకేశాడు ఇశ్రాయేలు.

ఆమె అలవాటుకొద్దీ దిగ్గున లేచింది. లేచిన చోటే కుప్పకూలింది. గడప తగిలి నుదురు చిట్లింది.

రిక్షాలో ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, "ప్రభువా, నా పొగరు చూడకు, దీని మొహం చూడు" అని దారంతా ఏడ్చాడు.

డాక్టరు గారు కట్టు కట్టి, బీపీ చూసి, సీసా తలకిందులు చేశారు. "ఇన్ని ఎవరిచ్చారు?"

"నేనేనండీ. పోటొచ్చినప్పుడల్లా."

తిట్టే ఓపిక ఆయనకూ లేదు. "రక్తపోటంటే నొప్పి కాదయ్యా. రక్తం నాళాల మీద తోసే జోరు. ఈ మాత్ర నాళాల్ని వెడల్పు చేస్తుంది. కొత్తల్లో తలనొప్పి తెచ్చేది కూడా ఇదే. తెచ్చినదాన్నే మళ్ళీ మళ్ళీ మింగించావు."

ఇశ్రాయేలుకు తల తీసేసినట్టయింది.

"ఈ రాత్రి మాత్ర వద్దు. రేపు నేను చూశాక చెప్తా. ఇక మీదట చెప్పిన పూట, చెప్పినన్నే. నీ అంతట నువ్వు పెంచొద్దు, బాగుందని మానెయ్యొద్దు. తేడాగా ఉంటే నా దగ్గరకు తీసుకురా. లేచేటప్పుడు ముందు కూర్చుని, కాళ్ళు దించి, కాసేపాగి నిలబడాలి. దిగ్గున లేస్తే రక్తం తలకు అందదు."

ఆస్పత్రిలోనే ఉంచుకుని మూడో రోజు ఇంటికి పంపారు. మర్నాడు కోడి కూయగానే కాంతమ్మ, కేక పడకముందే, కొంగు సర్దుకుని మంచం దిగబోయింది.

"ఆగు," అన్నాడు ఇశ్రాయేలు. అప్పటికే లేచి పొయ్యి రాజేస్తున్నాడు. "కూసో. కాళ్ళు కిందికి దించు. తొందరేం లేదు."

ఆమె మంచం పట్టె మీద కూర్చుంది. కాపురానికొచ్చాక ఆ ఇంట్లో ఎవరూ లెమ్మనని తొలి పొద్దు ఇదే. ఏం చెయ్యాలో తోచక తన కాళ్ళ వంకే చూసుకుంది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

"ఏందే, పోటా?" అతను కంగారుగా దగ్గరకొచ్చాడు.

"కాదులే," అంది కాంతమ్మ. "ఇంకాసేపు కూసోనీ."