ఆ తర్వాత పాప ఏం చేసింది

"మేడమ్, కొల్లేట్లో ఒక ముసలావిడ చిన్నపాపను నీళ్లలో ముంచేస్తోందండీ."

ఫోన్‌లో ఆ మాట వినగానే కలం మూత తీశాను. ఏలూరులో మా పిల్లల ఆసరా కేంద్రానికి ఉదయంపూట వచ్చే ఫోన్లన్నీ ఎత్తేది నేనే. ఇలాంటి మాట విన్నప్పుడు గుండె ఎంత కొట్టుకున్నా చెయ్యి మాత్రం నిదానంగా రాయాలి. అది నాకు నాలుగేళ్లకు అలవాటైంది.

"మీ పేరు చెప్పండి బాబూ."

అతని పేరు విజయ్ కుమార్. ఊరు తాడేపల్లిగూడెం. కైకలూరులో బ్యాంకు ఉద్యోగానికి కొత్తగా చేరాడు. రోజూ రైల్లో ఏలూరు వచ్చి, ఇక్కడ బస్సెక్కి కొల్లేటి మీదుగా వెళ్తాడు. ఆ దారిలోనే మూడు రోజులుగా చూస్తున్నాడట. ముసలావిడ పాప నడుముకు తాడు కట్టి దోనెలోంచి నీళ్లలోకి తోసేస్తోంది. పాప కెవ్వున అరుస్తోంది.

మా ఫారంలో పదిహేడు ప్రశ్నలుంటాయి. కళ్లారా చూశారా, ఎవరైనా చెప్పారా? ఎన్నిసార్లు? ఒంటి మీద దెబ్బలున్నాయా? అన్నీ అడిగాను. పద్దెనిమిదోది ఫారంలో ఉండదు, నేను కలుపుకున్నది.

"ఆ తర్వాత పాప ఏం చేసింది బాబూ?"

"తెలీదండీ. బస్సు వెళ్లిపోయింది."

"మూడు రోజులూనా?"

"మూడు రోజులూ వెళ్లిపోయిందండీ," అన్నాడు, ఆ తప్పేదో తనదే అన్నట్టు.

ముగ్గురు పిల్లల్ని పెంచాను నేను. పిల్ల ఏడ్చిందంటే దాన్నిబట్టి ఏమీ తేల్చలేం. మా పెర్సిస్ తల దువ్వినా సరే వీధంతా వినేలా ఏడ్చేది. ఏడ్చాక ఎవరి దగ్గరికి పరిగెత్తుతుందో చూడాలి. కొట్టినవాళ్ల దగ్గరికి పిల్ల తిరిగి వెళ్లదు. వెళ్లినా ఆ నడక వేరేగా ఉంటుంది.

మా కేంద్రం అధికారి ప్రసాదరావుగారు కాగితం తీసుకున్నారు. ముప్పై ఏళ్ల మనిషి, ఈ పనికని పెద్ద చదువు చదివారు. నాది పదో తరగతి. ఆయన అక్కడ రోడ్డువైపు ఉన్న స్కూలుకు ఫోన్ చేస్తే సిల్వియా టీచరు చెప్పింది: పాప పేరు హారిక, ఏడేళ్లు, రెండో తరగతి. తల్లి పోయింది. తండ్రి కృష్ణ ఆకివీడు అవతల చేపల చెరువులకు కాపలా, నెలకోసారి వస్తాడు. పాప నాయనమ్మ సుబ్బాయమ్మ దగ్గర ఉంటుంది. జూన్‌లో బడి తెరిచారు, ఇప్పుడు సెప్టెంబరు. పాప ఒక్క రోజూ రాలేదు.

ఒక్కో జవాబుకీ మార్కులుంటాయి. పది దాటితే ఎర్ర క్లిప్పు, అంటే ఆ రోజే వెళ్లాలి. హారికకు పద్నాలుగు వచ్చాయి.

"పిల్లల సంక్షేమ కమిటీవారితో మాట్లాడాను. అవసరమైతే పాపను ఈ రోజే హోమ్‌కి తెచ్చేయమన్నారు," అన్నారు ప్రసాదరావుగారు.

"ఒక్కసారి చూసి..."

"చూస్తాం హన్నమ్మగారూ. కానీ పోయిన నెల ఒకచోటికి ఆలస్యంగా వెళ్లాం. మళ్లీ నావల్ల కాదండీ."

ఆ సంగతి నేనూ మర్చిపోలేదు. ఫైలు తీసుకుని బయల్దేరాను. జీపులో కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. ప్రభువా, ఏ బిడ్డను ఎవరి ఒళ్లో పెట్టాలో నువ్వెలా తేలుస్తావు? నీ దగ్గరా ఇలాంటి ఫారం ఏదైనా ఉందా?

రోడ్డు దిగితే ఎదురుగా నీళ్లు. ఆవల లంక ఊరు. పోయినేడు సర్కారువాళ్లు చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు ఊరికి నడిచే గట్టు కూడా పోయింది. ఇప్పుడు మధ్యలో ముప్పై గజాల నీరు. కేకేస్తే ఒక ముసలావిడ గెడ వేసుకుంటూ దోనె తెచ్చింది. ఎండకి నల్లబడ్డ మొహం, నడుముకు బిగించిన చీర.

"ఈతొచ్చా అమ్మా?" అంది.

"రాదండీ."

"సార్‌కో?"

"ఎందుకు? ముప్పై గజాలేగా?" అన్నారు ప్రసాదరావుగారు.

"మూడు గజాలైనా ఒకటే బాబూ. ఈతరానోళ్లని ఉత్తినే ఎక్కించను." దోనెలోంచి రెండు జతల ఎండిన ఆనపకాయ బుర్రలు తీసింది. తాడుతో కట్టి ఉన్నాయి. "ఇవి వీపుకి కట్టుకోండి, పడినా తేలతారు."

ప్రసాదరావుగారు ఆ బుర్రల వంకా, తన ఇస్త్రీ చొక్కా వంకా చూసుకున్నారు. "నేనిక్కడే ఉంటాను. మీరు చూసి రండి," అన్నారు.

నా చీర మీద ఆవిడే తాడు బిగించింది. ఫైలు ఒళ్లో పెట్టుకుని, వీపున రెండు బుర్రలతో కూర్చున్నాను. మా ఆయన యాకోబుగారు చూస్తే వారం రోజులు నవ్వుతారు.

"సుబ్బాయమ్మగారంటే మీరేనా?" అని అడిగాను.

"నేనే."

"పిల్లల ఆఫీసు నుంచి వచ్చామండీ. హారిక కోసం."

గెడ ఆగిపోయింది. దోనె మెల్లగా పక్కకు తిరిగింది.

"తీసుకుపోతారా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "తేల్చడానికి వచ్చాం. మీరు పాపను నీళ్లలోకి తోస్తుంటే దారినపోయే ఒకాయన చూసి భయపడ్డాడు."

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"మంచోడేనమ్మా. నా కోడలు ఈ నీళ్లలో పడ్డ రోజు దారిలో అలాంటోడు ఒక్కడున్నా బాగుండేది. అది మెట్ట ఊరి పిల్ల, ఈత రాదు. నేర్పుతాలే, నేర్పుతాలే అని నేనే బద్దకించాను." మళ్లీ గెడ వేసింది. "బడికి దోనెలోనే పోవాలి. బుర్ర లేకుండా ఈ నీళ్లు దాటేదాకా బడికి పంపనని చెప్పాను దానికి."

ఒడ్డున ఒక పిల్ల నిలబడి ఉంది. నడుముకు తాడు, వీపున బుర్ర, పైన పళ్లు రెండు లేవు. నన్ను చూసి నోరు తెరిచింది.

"మామ్మా! ఈ ఆవిడక్కూడా నేర్పుతున్నావా? ఇంత పెద్దయిపోయాకా?"

"నోర్ముయ్యవే. మేడంగారు."

"ఆవిడని కూడా తోస్తావా?"

"నువ్వు నోర్ముయ్యకపోతే ముందు నిన్ను తోస్తాను."

పిల్ల కిలకిలా నవ్వింది. ఆ నవ్వు నేను ఫారంలో రాసుకోలేదు కానీ మనసులో రాసుకున్నాను. చేతులు, వీపు చూశాను. దెబ్బలేవీ లేవు. తాడు కింద చర్మం ఒరుసుకోకుండా పాత చీరముక్క మెత్తగా చుట్టి ఉంది. తలకు నూనె, రెండు జడలు.

"అరుస్తావటగా, ఎందుకు?" అన్నాను.

"నీళ్లు చల్లగా ఉంటాయి మరి!"

అయినా ఒక మాట మిగిలిపోయింది. "సుబ్బాయమ్మగారూ, మూడు నెలలైందండీ బడికి పోక. ఆవల ఉన్న సార్ దాన్ని ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను. బుర్ర వదలడం ఎప్పటికవుతుంది?"

"వదుల్తుందమ్మా. భయం. నాలుగు రోజుల్నుంచి సగం దాకా పోయి తాడు లాగమంటోంది."

హారిక మా ఇద్దరి మొహాలూ చూసింది. నీళ్లకు ఆవల జీపు చూసింది. పిల్లలకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతాయి.

"ఇప్పుడు దాటేస్తే బడికి పంపుతావా?"

"పంపుతాను."

"జీపు ఎక్కక్కర్లేదా?"

ఆ ప్రశ్న నాకే. సుబ్బాయమ్మగారు నావైపే చూస్తోంది. "అది ఆ సార్ చెప్పాలమ్మా. నువ్వు దాటితే నేను గట్టిగా అడుగుతాను," అన్నాను.

పిల్ల తాడూ బుర్రా విప్పేసింది. నీళ్లలోకి దిగిపోయింది.

మేము దోనెలో పక్కనే వెళ్లాం. మొదటి పది గజాలు కప్పపిల్లలా పోయింది. సగంలో తల ఒకసారి మునిగి లేచింది. చేతులు తడబడ్డాయి. నా చెయ్యి దానంతటదే వీపు మీది ముడి వెతికింది, ఈ బుర్రలు విసిరేద్దామని. సుబ్బాయమ్మగారు గెడ సిద్ధంగా పట్టుకుంది కానీ చాపలేదు.

"కాళ్లే! కాళ్లు ఆడించు! మామ్మ పక్కనే ఉందే!"

కాళ్లు ఆడాయి. నీళ్లు లేచి నా ఫైలంతా తడిసింది. ఆవలి గట్టున ప్రసాదరావుగారు ఎర్ర క్లిప్పు కాగితం చంకలో పెట్టుకుని, మోకాళ్ల దాకా బురదలోకి దిగి చెయ్యి చాచారు. "రా అమ్మా, రా, ఇంకొంచెం!" అని అరుస్తున్నారు. ఆయనకు ఈత రాదన్న సంగతి అప్పుడు ఆయనకే గుర్తులేదు.

హారిక గట్టు పట్టుకుంది. ఆయన చెయ్యి అందుకోలేదు. పక్కనుంచి పాకి పైకెక్కి, వెనక్కి తిరిగి నిలబడింది. దోనె ఒడ్డుకు తగలగానే ఒక్క పరుగున వచ్చి నాయనమ్మ నడుముకు చుట్టుకుపోయింది. సుబ్బాయమ్మగారు పమిట తీసి దాని తల తుడుస్తూ తిడుతూ, తిడుతూ ఏడుస్తూ, నవ్వుతూ ఉండిపోయింది.

నేను ప్రసాదరావుగారి వంక చూశాను. "పాపను ఇక్కడే ఉంచుదామండీ," అన్నాను.

ఆయన ఆ ఇద్దర్నీ చూశారు. తర్వాత కాగితం తీశారు.

"హన్నమ్మగారూ, ఇది ఎన్నో ప్రశ్న కింద రాయాలండీ?"

"వెనక్కి తిప్పి రాయండి. అక్కడ ఖాళీయే."

ఆయన జీపు మీద కాగితం పెట్టి వెనకవైపు నిండా రాశారు. రేపటినుంచి బడి. సిల్వియా టీచరు వారం వారం ఫోన్ చేయాలి. నెలకోసారి తానే స్వయంగా రావాలి. తండ్రితో మాట్లాడాలి. ఎర్ర క్లిప్పు తీసి పసుపుది పెట్టారు. పూర్తిగా తీసేయలేదు. అదీ న్యాయమేననిపించింది నాకు.

"జీపు ఎక్కక్కర్లేదా?" అంది హారిక.

"అక్కర్లేదు," అన్నారాయన. "ఎక్కి చూస్తానంటే మాత్రం రోడ్డు మలుపుదాకా ఒక రౌండు."

"మామ్మ కూడా!"

మామ్మ కూడా ఎక్కింది. తిరిగి వచ్చాక దిగుతూ ప్రసాదరావుగారితో, "వచ్చే నెల వస్తారుగా బాబూ, మీకూ నేర్పేస్తాను," అంది. ఆయన నా వైపు తిరిగి, "ముందు మీరు ఆ బుర్రలు విప్పండి, రోడ్డు మీద అందరూ చూస్తున్నారు," అన్నారు.

ఆఫీసుకు రాగానే విజయ్ కుమార్‌కు ఫోన్ చేశాను. చూసి ఊరుకోనందుకు మంచి పని చేశారని చెప్పాను. సుబ్బాయమ్మగారు అన్న మాటా చెప్పాను. ఈత సంగతి, బుర్రల సంగతి, దాటిన సంగతి అన్నీ వరుసగా చెప్పుకొచ్చాను.

"ఒడ్డెక్కేసిందండీ," అని ముగించాను.

"సరే, ఆ తర్వాత?" అన్నాడు ఆత్రంగా. "ఆ తర్వాత పాప ఏం చేసిందండీ?"

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, ఆ భాగం మొదట్నుంచీ చెప్పాను.