మంత్రిగారి అక్క

కోపెన్‌హాగెన్‌లో ఆ జూన్ నెలంతా అందరి కళ్లూ ఐలర్ మీదే. మంత్రివర్గంలో అతను ఊఁ అంటే ఊఁ, ఊహూఁ అంటే ఊహూఁ. దక్షిణపు సీమను చెరిసగం పంచుకుని యుద్ధం ఆపేద్దామని, దండెత్తొచ్చిన ప్రష్యావాళ్లు కబురంపారు. సాయంత్రంలోగా జవాబివ్వాలి. అతని అక్క థైరా ఒక్కగానొక్క కొడుకు ఎస్బెన్, ఆల్స్ దీవిలో సిపాయిగా కందకంలో ఉన్నాడు.

మధ్యాహ్నం ఆమే రొట్టెలు పట్టుకుని తమ్ముడి కచేరీకి వెళ్లింది.

"తిన్నావట్రా?"

"ఆకలి లేదక్కా. ఆ ప్రష్యా రాయబారి విందులో నలుగురి ముందూ నా ఫ్రెంచి సరిదిద్దాడు. వాడు గీసిన గీతకి నేను తలూపాలా?"

తల్లి పోయాక అతన్ని ఎత్తుకు పెంచింది థైరానే. చిన్నప్పుడు నాన్న పిరికివాడన్నాడని గడ్డకట్టిన చెరువు మీద భీష్మించుక్కూర్చున్నాడు. బతిమాలితే కదల్లేదు. "నువ్వే గెలిచావు పదరా" అంటే లేచొచ్చాడు.

"వాడిదేంటి గీత? నిరుడు మా భోజనాల బల్ల మీద కత్తితో గీసి చూపించింది నువ్వు కాదూ? నీ మాటే కొట్టేశాడు వాడు" అంది.

నిరుడు గీసింది వెటకారానికి. ఆ సంగతి ఐలర్‌కి గుర్తులేదు. మొహం విప్పారింది.

"అవును కదూ! నేనెప్పుడో అన్నాను!"

కూర్చుని రొట్టె కొరికాడు. కలం అందుకున్నాడు.

అంతలో చిన్నమంత్రి లాసెన్ తలుపు తోసుకొచ్చాడు. బల్లమీద కాగితం, చేతిలో కలం చూసి అతని కళ్లు చెమర్చాయి.

"అమ్మయ్య! మీరు దిగిరారని అందరూ భయపడ్డారండీ!"

ఐలర్ కలం కింద పెట్టేశాడు. "ఎవరు దిగొచ్చింది?"

"వాడి మాటకేంరా, సంతకం పెట్టు. నా కొడుకురా ఐలర్!" చొక్కా చెయ్యి పట్టుకుంది.

ఎస్బెన్‌కి గుర్రపుస్వారీ నేర్పింది తనే. "వాడికోసమేనక్కా. మా మేనమామ తలొంచాడని వాడు సిగ్గుపడకూడదు."

గడువు దాటిన కొన్నాళ్లకే ప్రష్యావాళ్లు తెల్లవారుజామున పడవలెక్కి జలసంధి దాటారు. దీవి పోయింది. ఎస్బెన్ శవం కూడా దొరకలేదు. కొత్త మంత్రులు కాళ్లబేరానికి వెళితే, సగం కాదు, సీమంతా రాయించుకున్నారు.

పదవి పోయాక ఐలర్ ఒక ఆదివారం అక్కింటికి భోజనానికి వచ్చాడు.

"అంతా తీసుకున్నారు గానీ అక్కా, నాచేత మాత్రం సంతకం పెట్టించలేకపోయారు."

లేచి పొమ్మందామని థైరా నోరు తెరిచింది. ఇక తనకంటూ మిగిలింది వీడొక్కడే. కప్పు దగ్గరికి జరిపి, కాఫీ పోసింది.