నలభై ఒక్క క్యాసెట్ల వాన

వాన.

ముందు రేకు మీద వాన, గింజలు చల్లినట్టు. తర్వాత కాస్త ఒత్తుగా... చూరు నుంచి ధార కట్టి కింద బకెట్లో పడుతున్న చప్పుడు.

కుర్చీ జరిగిన చప్పుడు.

అప్పుడు అక్క గొంతు. "ఒరేయ్, ఒకసారి ఏమైందంటే—"

టక్.

మళ్ళీ వాన.

ఆ టక్ నాదే. రికార్డరు ఆపే మీట మీద నా బొటనవేలు ఎప్పుడూ తయారుగా ఉండేది. అక్క నోరు తెరిస్తే చాలు, నొక్కేసేవాణ్ణి. ఆమె చెప్పడం అయ్యాక, లేచి వెళ్ళాక, మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. టేపు వృథా కాకూడదని. వానలో మాట కలవకూడదని.

నలభై ఒక్క క్యాసెట్లు. అన్నింటిలోనూ వానే.

నేనొక పుస్తకం రాయాలనుకున్నాను. కథ కాదు, నవల కాదు. జరిగింది జరిగినట్టు చెప్పే పుస్తకం. దానికొక విషయం కావాలి — చదివేవాళ్ళు మధ్యలో పక్కన పెట్టలేని విషయం. దానికోసం నేను తిరగని చోటు లేదు. వంతెనల మీద నిలబడ్డాను. లైట్‌హౌస్ మెట్లు రెండు వందల పన్నెండు ఎక్కి, మోకాళ్ళు పట్టేసి, వారం రోజులు మంచం దిగలేదు. చివరికి వాన దొరికింది. ముందు చప్పుళ్ళన్నీ టేపులో పట్టుకుని, తర్వాత వింటూ రాద్దామనుకున్నాను. రేకు మీద వాన, రాతి మీద వాన, ఆకు మీద వాన. ఇంతవరకూ ఎవరికీ తట్టలేదని తెగ మురిసిపోయాను. ఎందుకు తట్టలేదో కాస్త ఆలోచించాల్సింది.

అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. ముప్పై ఒక్క ఏళ్ళు. చెవులకు హెడ్‌ఫోను, ఎదురుగా చిల్లుల బోర్డు, చేతిలో తీగలు. రోజుకు ఎన్ని వందలసార్లు "లైన్లో ఉండండి" అనేదో. ఈ ఊరి గొంతును ఆ ఊరి గొంతుతో కలపడం... కలిపి తప్పుకోవడం. కొత్త మిషన్లు వచ్చి ఆ బోర్డు పీకేశాక ఇంటికి వచ్చేసింది. పెళ్ళి చేసుకోలేదు. నా దగ్గరే ఉండేది — అబద్ధం, నేనే ఆమె దగ్గర ఉండేవాణ్ణి. ఇల్లు ఆమెది. రికార్డరు కూడా ఆమె కొనిపెట్టిందే.

ఇంటికి వచ్చాక అక్కకు మాటలు ఎక్కువయ్యాయి. అన్నేళ్ళూ పరాయి మాటలే మోసిన మనిషి కదా. బత్తాయి ఒలుస్తూ మొదలుపెట్టేది. తొనలు ఒక్కొక్కటే నా చేతిలో పెడుతూ చెప్పేది. నేను తొనలు తినేవాణ్ణి. ఊఁ కొట్టేవాణ్ణి. చూపు మాత్రం కిటికీ మీదే — వాన ఎక్కడ తగ్గిపోతుందోనని.

"వింటున్నావా, మహా రచయితా?"

"వింటున్నానక్కా. తొందరగా కానీ."

తొందరగా కానీ... అక్కతో అన్నాను ఆ మాట. ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

మంగళవారం మనిషి సంగతి చెప్పింది ఆ రోజుల్లోనే. ప్రతి మంగళవారం మధ్యాహ్నం ఒకాయన వేరే ఊరికి కాల్ బుక్ చేసేవాడట. మూడు నిమిషాలు. అవతల ఎవరో ఎత్తేవారు. ఇద్దరూ ఒక్క ముక్క మాట్లాడేవారు కాదు. లైను పాడైందేమోనని మొదటిసారి అక్క మధ్యలో దూరి విన్నది. రెండు వైపులా ఊపిరి వినబడింది. తప్పుకుంది.

తొమ్మిదేళ్ళు. ప్రతి మంగళవారం. మూడు నిమిషాల ఊపిరి.

ఆ తొమ్మిదేళ్ళూ అక్క మంగళవారం సెలవు పెట్టలేదు. పదో ఏడు ఒక మంగళవారం, ఆయన చెయ్యలేదు. అవతలి ఊరి నుంచే కాల్ వచ్చింది. ఆడగొంతు. ఆ ఆడమనిషి అక్కతో ఏదో అంది...

ఏమంది?

నాకు తెలియదు. అప్పుడు నేను బ్యాటరీలు మారుస్తున్నాను.

పోయిన చలికాలం ఒక పొద్దున, బత్తాయి ఒలుస్తూ ఒలుస్తూ అక్క ఆగిపోయింది. తొన చేతిలోనే ఉంది. నోరు ఒక పక్కకు జారింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. కాళ్ళు తిరిగి వచ్చాయి. ఒక చెయ్యి వచ్చింది. మాట మాత్రం పడిపోయింది. పలక ఇస్తే అడ్డదిడ్డంగా గీతలు గీసి, వాటిని చూసి తనే సిగ్గుపడింది.

"బాగా నోటికి అలవాటైన మాట ఏదైనా ఒకటి మిగిలితే మిగలొచ్చండీ," అంది డాక్టరమ్మ.

వానలు మొదలయ్యాక, పుస్తకాలు అచ్చువేసే ఆవిడ దగ్గరికి క్యాసెట్ల సంచీ పట్టుకుని వెళ్ళాను. రేకు మీద వాన వినిపించాను. ఆవలింత ఆపుకుంది. రాతి మీద వాన వినిపించాను. గడియారం చూసుకుంది. అంతలో — "ఒరేయ్, ఒకసారి ఏమైందంటే—"

టక్.

ఆవిడ ముందుకు వంగింది. "ఎవరండీ? ఏమైందట?"

"మా అక్కండీ. ఆపేశాను."

ఆవిడే ఇంకో క్యాసెట్ పెట్టింది. టక్. ఇంకొకటి. టక్. "నోటి దగ్గరి కూడు లాక్కున్నట్టుందండీ! వానను ఎవరైనా పట్టుకొస్తారు. ఈవిడ చెప్పేది పట్టుకురండి. పుస్తకమంటే అదీ!"

అదే. ఇన్నేళ్ళు ఊరూరా వెతికిన విషయం నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. తొనలు ఒలిచి చేతికందించింది. నేను మీట నొక్కాను.

మాట పడిపోయిందని ఆవిడకు చెప్పలేకపోయాను. "తెస్తానండీ" అని వచ్చేశాను. బస్సులో అందరి ముందూ ఏడ్చాను.

ఇంటికి వచ్చేసరికి వాన పట్టుకుంది. కొత్త క్యాసెట్ పెట్టాను. బత్తాయి నేనే ఒలిచాను, సగం నలిపేశాను. ఒక తొన అక్క మంచి చేతిలో పెట్టాను.

"అక్కా... ఆ మంగళవారం ఆవిడ ఏమందే?"

అక్క నావైపు చూసింది. పెదవులు కదిలించింది. నుదుటి మీద చెమట పట్టింది. చెయ్యి మెల్లగా చెవి దగ్గరికి వెళ్ళింది, ఒకప్పుడు హెడ్‌ఫోను ఉండే చోటికి. తర్వాత, ఎక్కడా తడబడకుండా, నెమ్మదిగా అంది.

"లైన్లో ఉండండి."

నన్ను ఒరేయ్ అని పిలిచే అక్క. ఉండండి అంటోంది. ఏ ఊరి నుంచో ఫోను చేసిన ముక్కూ మొహం తెలియని మనిషితో అన్నట్టు.

ఉన్నానక్కా. ఉన్నాను.

మీట మీద నుంచి వేలు తీసేశాను. టేపు తిరుగుతోంది. రేకు మీద గింజలు చల్లినట్టు... బకెట్లో ధార... కుర్చీ కాస్త జరిగిన చప్పుడు. రెండు వైపులా ఊపిరి.

క్యాసెట్ అయిపోయి దానంతట అదే టక్‌మంది. తిప్పి మళ్ళీ పెట్టాను.

వాన.